రోజూ ఎక్కించి దించే రౌండు పొట్టిదైపోతే కాల్చొచ్చా?

మీరు చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. రోజూ వెంట ఉంచుకునే 9 ఎంఎం పిస్టల్‌ను రాత్రి ఇంటికి రాగానే ఖాళీ చేస్తారు. మ్యాగజైన్ తీసి, స్లైడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కూ జరిగే పైభాగం) లాగి, చాంబర్‌లోని (బారెల్ వెనక తూటా కూర్చునే గదిలోని) రౌండును, అంటే తూటాను, బయటికి తీస్తారు. పొద్దున అదే రౌండును మ్యాగజైన్ పైన పెట్టి మళ్లీ ఎక్కిస్తారు. నెలల తరబడి ఇదే వరస. మొన్న దాన్ని పెట్టెలోని కొత్త రౌండు పక్కన నిలబెడితే పొట్టిగా కనిపించింది. అది కాల్చొచ్చా, ఒక రౌండును మొత్తం ఎన్నిసార్లు ఎక్కించొచ్చు అని మీ సందేహం.

మొదటిదానికి ఒకే మాట: కాల్చకండి. కొలవకుండానే కంటికి తేడా తెలుస్తోందంటే అది చిన్న తేడా కాదు. రెండోదానికి ఇక్కడ ఇప్పటికే కొందరు అంకెలు చెప్పారు. ఒకరు రెండు అన్నారు, ఒకరు ఐదు, ఇంకొకాయన ఏడాదిగా అదే రౌండు వాడుతున్నా ఏమీ కాలేదన్నారు. ముగ్గురూ నిజమే చెబుతుండొచ్చు. చిక్కల్లా ఆ అంకెలు వాళ్ల పిస్టల్‌కు, వాళ్లు వాడే లాట్‌కు, అంటే ఫ్యాక్టరీలో ఒకే విడతగా తయారైన రౌండ్లకు, చెందినవి కావడమే. మీ చేతిలో ఉన్న రౌండుకు అవి వర్తించాలని ఏమీ లేదు. కాల్పుల రేంజ్‌లో శిక్షణ ఇస్తూ, సొంతంగా రీలోడింగ్ (రౌండ్లను నేనే నింపుకోవడం) చేస్తూ ఏళ్లుగా చూస్తున్నవాడిగా నేను చెప్పేది ఒక్కటే. ఎన్నిసార్లు ఎక్కించొచ్చని లెక్కలు వేసేకన్నా ఎక్కించి దించే పనినే తగ్గించుకోండి. తప్పనిసరిగా చేయాల్సి వచ్చినప్పుడు కొలిచి చూడండి.

అసలు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. స్లైడ్ ముందుకు దూసుకెళ్తూ మ్యాగజైన్‌లోని పై రౌండును వెనక నుంచి తోస్తుంది. రౌండు తిన్నగా చాంబర్‌లోకి పోదు. దాని ముక్కు ముందుగా చాంబర్ నోటి దగ్గరున్న ఫీడ్ ర్యాంప్ అనే వాలుకు కొట్టుకుని, పైకి లేచి, ఆ తర్వాతే లోపలికి జారుతుంది. వెనక నుంచి స్లైడ్ బరువూ స్ప్రింగ్ బలమూ తోస్తుంటాయి, ముందు కదలని ఉక్కు ఉంటుంది. ఆ దెబ్బంతా పడేది ముందుండే బుల్లెట్‌కూ, దాన్ని పట్టుకుని పౌడర్ నింపుకున్న ఇత్తడి గొట్టానికీ, అంటే కేసింగుకూ, మధ్య ఉన్న పట్టు మీద. 9 ఎంఎం, .40, .45 ఏసీపీ లాంటి రౌండ్లలో చాంబర్‌లో రౌండు ఎక్కడ ఆగాలో నిర్ణయించేది కేసింగు మూతి అంచే. అందుకని రివాల్వర్ రౌండ్లకు చేసినట్టు మూతిని లోపలికి మడిచి బుల్లెట్‌ను గట్టిగా పట్టించడం కుదరదు. మూతిని కొద్దిగా వాలుగా నొక్కే టేపర్ క్రింప్‌తో సరిపెట్టుకోవాలి. బుల్లెట్‌ను నిజంగా ఆపేది దాని చుట్టూ బిగుసుకుని ఉన్న ఇత్తడి. ఆ బిగువు తగ్గినప్పుడు ర్యాంప్ దెబ్బకు బుల్లెట్ వెనక్కి, అంటే కేసింగు లోపలికి దిగుతుంది. సెట్‌బ్యాక్ అనేది దీన్నే.

కొన్ని కంపెనీలు దీనికి అదనపు ఏర్పాటు చేస్తాయి. బుల్లెట్ అడుగు ఎక్కడిదాకా వస్తుందో సరిగ్గా దాని కిందే కేసింగు చుట్టూ ఒక గాడి నొక్కుతాయి. బయటికి సన్నటి గీతలా కనిపిస్తుంది గానీ లోపల అది బుల్లెట్‌కు మెట్టులా అడ్డుపడుతుంది. మీ రౌండు మీద అలాంటి గీత ఉంటే కొంత మేలే. అది ఉంది కదా అని కొలవడం మానేయకండి.

ఇప్పుడు ఒత్తిడి సంగతి. 9 ఎంఎం కేసింగు లోపలి జాగా నిండా నీళ్లు పోస్తే దాదాపు 0.86 మిల్లీలీటర్లు పడతాయి. అందులో బుల్లెట్ 5 మిల్లీమీటర్ల మేర దిగి కూర్చుంటే పౌడర్‌కు మిగిలేది 0.54 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. బుల్లెట్ ఇంకో 0.76 మిల్లీమీటర్లు, అంటే 0.030 అంగుళం దిగిందనుకోండి. 9 మిల్లీమీటర్ల వ్యాసానికి లెక్క కడితే మరో 0.05 మిల్లీలీటర్ల జాగా పోతుంది. ఉన్నదాంట్లో దాదాపు పదో వంతు. పదో వంతు తగ్గితే ఒత్తిడీ పదో వంతే పెరుగుతుందని అనుకుంటాం, కానీ పౌడర్ లెక్క అలా నడవదు. ఇరుకైన చోట ఒత్తిడి త్వరగా పెరుగుతుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ పౌడర్ ఇంకా వేగంగా మండుతుంది, ఆ మంటకు ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. బుల్లెట్ కదిలి జాగా ఇచ్చేలోపే ఇదంతా జరిగిపోతుంది. స్పీర్ కంపెనీ తన రీలోడింగ్ మాన్యువల్‌లో ఈ పరీక్ష ఫలితమే ఇచ్చింది. 28,000 సీయూపీ (రాగి ముక్క ఎంత నలిగిందో చూసి ఒత్తిడి కొలిచే పాత పద్ధతి అంకె) ఒత్తిడి ఇచ్చే 9 ఎంఎం లోడులో బుల్లెట్‌ను కావాలనే 0.030 అంగుళం లోతుగా దింపితే అది 62,000 సీయూపీకి వెళ్లింది. రెట్టింపు కంటే ఎక్కువ. పిస్టల్ బలాన్ని పరీక్షించడానికి కంపెనీలు కాల్చే ప్రూఫ్ రౌండ్లలో ఒత్తిడి కూడా గరిష్ఠ పరిమితికి మూడో వంతు పైచిలుకే ఎక్కువగా ఉంటుంది. దాన్నిబట్టి ఆ 62,000 ఎక్కడుందో మీరే చూడండి.

అన్ని లోడులూ ఇంత దారుణంగా ప్రవర్తించవు. అది కూడా చెప్పాలి, లేకపోతే అనవసరంగా భయపెట్టినట్టవుతుంది. పౌడర్ ఎంత వేగంగా మండేది, కేసింగులో ఎంత నిండింది, బుల్లెట్ బరువెంత అన్నదాన్నిబట్టి ఫలితం మారుతుంది. 0.1 మిల్లీమీటరు దిగిన రౌండును కాలిస్తే మీకు బహుశా ఏ తేడా తెలియదు. పెద్ద సెట్‌బ్యాక్ ఉన్నదాన్ని కాల్చినా ఒక్కోసారి దెబ్బ కొంచెం కటువుగా ఉండి, ప్రైమర్ (కేసింగు అడుగున ఉండి పౌడర్‌ను అంటించే చిన్న మూత) చదునుగా అయిపోయి అంతటితో గట్టెక్కుతుంది. గట్టెక్కనప్పుడు పగిలేది ఎక్కడో తెలుసుకోండి. రౌండు లోపలికి ఎక్కడానికి వీలుగా ర్యాంప్ వైపు చాంబర్ గోడ కాస్త కోసి ఉంటుంది. ఆ కొద్దిమేర కేసింగుకు వెనక ఉక్కు ఆధారం ఉండదు. ముందుగా ఉబ్బి చిట్లేది అక్కడే. ఆ మంట, గ్యాసు కింది మ్యాగజైన్ బావిలోకి తన్ని, మ్యాగజైన్‌ను కిందికి ఊడగొట్టి, గ్రిప్‌ను పగలగొడతాయి. మీ అరచెయ్యి ఉండేది దాని చుట్టే.

క్యాలిబర్‌ను బట్టి జాగ్రత్త మారుతుంది. .45 ఏసీపీకి అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సామీ సంస్థ పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 21,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు; పైన చెప్పిన సీయూపీ అంకెలతో నేరుగా పోల్చొద్దు). కేసింగు విశాలం, ఒత్తిడి తక్కువ, కాబట్టి కాస్త ఓర్చుకుంటుంది. 9 ఎంఎంకు 35,000, ఎక్కువ ఒత్తిడితో చేసే ప్లస్ పీ రకానికి 38,500. 1990లో వచ్చిన .40 ఎస్ అండ్ డబ్ల్యూకు కూడా 35,000 పీఎస్ఐయే గానీ నేను ఎక్కువ జాగ్రత్తపడేది దీనితోనే. 180 గ్రెయిన్ల (దాదాపు 11.7 గ్రాముల) బరువైన బుల్లెట్ పొట్టి కేసింగులో లోతుగా కూర్చుని ఉంటుంది, మిగిలిన జాగా అసలే తక్కువ, ముక్కు చదునుగా ఉండి ర్యాంప్‌కు మొద్దుగా తగులుతుంది. .357 సిగ్ సంగతి మరీ ఇబ్బంది. 40,000 పీఎస్ఐ ఒత్తిడి, బుల్లెట్‌ను పట్టుకునే మెడ మాత్రం బాగా పొట్టి. రివాల్వర్ వాళ్లకు చాంబర్‌లోకి ఎక్కించేటప్పుడు ఈ బెడద ఉండదు. వాళ్లకు ఉన్నది దీనికి తిరగబడ్డ సమస్య. తేలికపాటి రివాల్వర్లో బరువైన బుల్లెట్లు కాలిస్తే ఆ కుదుపుకు మిగతా రౌండ్ల బుల్లెట్లు ముందుకు జరిగి సిలిండర్‌ను తిరగనివ్వకుండా చేస్తాయి. అది వేరే చర్చ.

కొలవడం ఎలాగో చెబుతాను, ఎందుకంటే చాలామంది తప్పుగా కొలిచి తప్పుడు ధైర్యం తెచ్చుకుంటారు. సామీ లెక్కలో 9 ఎంఎం రౌండు గరిష్ఠ పొడవు 1.169 అంగుళాలు, అంటే 29.69 మిల్లీమీటర్లు. మీ రౌండు దానికంటే పొట్టిగా ఉందని కంగారుపడకండి. ముక్కులో గుంట ఉండే హాలో పాయింట్ రౌండ్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచే పొట్టిగా వస్తాయి. మీకు కావాల్సింది పుస్తకంలోని అంకె కాదు, ఆ రౌండే కొత్తగా ఉన్నప్పుడు ఎంత పొడవుందన్నది. ఒకే పెట్టెలోని రౌండ్ల మధ్య కూడా కొద్దిపాటి తేడాలుంటాయి. హాలో పాయింట్ ముక్కు అంచు అన్నింటికీ ఒకేలా రాదు. అందుకే కొత్త పెట్టె తెరిచినప్పుడు చాంబర్‌లోకి వెళ్లబోయే రౌండును డిజిటల్ కాలిపర్‌తో కొలిచి, ఆ పొడవును కేసింగు మీదే సన్నటి పర్మనెంట్ మార్కర్‌తో రాసేయండి. రాత కేసింగు పక్కన ఉండాలి, ప్రైమర్ మీద కాదు. మార్కర్‌లోని ద్రావకం ప్రైమర్ అంచుల్లోకి దిగే అవకాశం మనమెందుకు ఇవ్వాలి? కాలిపర్ దవడల మధ్య రౌండును గట్టిగా నొక్కొద్దు, తిన్నగా నిలిపి, ఆనీ ఆననట్టు పట్టుకుని కొలవండి. రెండు మూడుసార్లు తిప్పి తిప్పి కొలిస్తే అంకె నిలకడగా వస్తుంది.

కాలిపర్ లేకపోతే చదునైన గాజు పలక మీద రెండు కొత్త రౌండ్లు, వాటి మధ్యలో అనుమానం ఉన్న రౌండు వరసగా నిలబెట్టండి. పైన స్టీలు స్కేలు ఆనించి వెనక నుంచి వెలుతురు పడేలా చూడండి. మధ్యదాని మీద వెలుగు సందు కనిపిస్తే అది పొట్టిదైందని అర్థం. ఎంత అన్నది దీనితో తెలియదు, పారేయాలా వద్దా అన్నది మాత్రం తెలుస్తుంది.

నేను పాటించే హద్దు 0.25 మిల్లీమీటర్లు, అంటే 0.010 అంగుళం. అంతకు చేరిందంటే ఆ రౌండు పని అయిపోయినట్టే. .40లోనూ .357 సిగ్‌లోనూ అందులో సగానికే పక్కన పెట్టేస్తాను. ఇది ఏ సంస్థా వేసిన నిబంధన కాదు, నా సొంత కట్టుబాటు. ఇంకో సంగతి. సెట్‌బ్యాక్ ప్రతిసారీ సమానంగా, కొంచెం కొంచెంగా రాదు. పదిసార్లు చెక్కుచెదరని రౌండు పదకొండోసారి ఒక్కసారిగా దిగిపోవచ్చు. కదిలిన పన్నులాంటిదే ఇది, పట్టు ఒకసారి సడలాక తర్వాతి దెబ్బకు ఏ మేరకు ఊగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే కొలతలో తేడా మొదలైందంటే హద్దు ఇంకా దాటలేదు కదా అని దాన్ని చాంబర్‌లోకి మళ్లీ పంపకుండా, కొద్దిపాటి తేడా ఉన్నప్పుడే రేంజ్‌లో కాల్చేయడం తెలివైన పని.

అందరూ పొడవు గురించే మాట్లాడతారు గానీ ప్రైమర్‌ను మరిచిపోతారు. ప్రైమర్ లోపల ఉండేది చిటికెడంత మిశ్రమం, పలుచగా అద్ది ఆరబెట్టింది. అదే రౌండు పదేపదే దెబ్బలు తింటే ఆ మిశ్రమం పగిలి దాని చోటు నుంచి రాలిపోవచ్చు. అప్పుడు ఫైరింగ్ పిన్ చక్కగా తగిలినా రౌండు పేలదు. అమెరికాలోని గ్విన్నెట్ కౌంటీ పోలీసు శాఖలో 2011లో జరిగింది అదే. ప్రాణాపాయ స్థితిలో ఒక అధికారి ట్రిగ్గర్ నొక్కితే మొదటి రౌండు పేలలేదు. స్లైడ్ లాగి తర్వాతి రౌండుతో ఆయన బయటపడ్డారు. ఆ రౌండు తయారుచేసిన కంపెనీ పరీక్షలో తేలిందేమిటంటే, ఒకే రౌండును పదేపదే చాంబర్‌లోకి ఎక్కించడం వల్ల ప్రైమర్ మిశ్రమం చెదిరిపోయింది. ఆయన రోజూ ఖాళీ చేసే అలవాటు వల్ల రెండే రౌండ్లు మార్చి మార్చి వంద సార్ల దాకా ఎక్కి దిగి ఉంటాయని ఆ శాఖ అంచనా వేసింది. ఆ తర్వాత ఆ శాఖ తన సిబ్బందికి దీని మీద శిక్షణ నోటీసు పంపింది. మీది కూడా రోజుకోసారి లెక్కన నెలల తరబడి నడిచిన వ్యవహారం కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. సెట్‌బ్యాక్‌ను కాలిపర్ పట్టిస్తుంది, చెదిరిన ప్రైమర్‌ను బయటి నుంచి ఏదీ పట్టించదు. పొడవు అణువంత కూడా తగ్గకపోయినా పాత రౌండును మార్చాల్సింది ఇందుకే. ప్రైమర్ మాటెత్తాం కాబట్టి ఇది కూడా: పిస్టల్ శుభ్రం చేశాక చాంబర్‌లో, మ్యాగజైన్‌లో నూనె తడి లేకుండా తుడవండి. పలుచటి, చొచ్చుకుపోయే రకం నూనెలు ప్రైమర్‌ను పాడు చేయగలవు.

రౌండు అంచును కూడా గోటితో ఒకసారి తడిమి చూడండి. పదేపదే బయటికి లాగిన రౌండు రిమ్ (అడుగు అంచు) మీద, దాన్ని చాంబర్ నుంచి బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు గీతలు, చిన్న చిన్న లేచిన ఇత్తడి పొరలు తగులుతాయి. ఎక్కువైతే రౌండు బ్రీచ్ ముఖం (రౌండు వెనక ఆనే స్లైడ్ భాగం) మీద సాఫీగా పైకి జారదు. ఇది గమనించి కొందరు ఒక చిట్కా చెబుతుంటారు: ర్యాంప్ దెబ్బ తప్పించడానికి రౌండును చేత్తో నేరుగా చాంబర్‌లో వేసి స్లైడ్ వదిలేయమని. వినకండి. చాలా పిస్టళ్లలో రిమ్ కింది నుంచి ఎక్స్‌ట్రాక్టర్ గోరులోకి జారాలి. నేరుగా వేస్తే ఆ గోరు రిమ్ మీదుగా బలవంతంగా ఎగిరి పట్టుకోవాల్సి వస్తుంది. 1911 అనే పిస్టల్ రకంలో ఎక్స్‌ట్రాక్టర్ బిగువు పోవడానికీ, గోరు పెచ్చు ఊడడానికీ ఇదొక కారణం. బుల్లెట్‌ను కాపాడబోయి పిస్టల్‌నే చెడగొట్టుకోవడం అవుతుంది. స్లైడ్‌ను చేత్తో పట్టుకుని మెల్లగా వదలడమూ అంతే. దెబ్బ తగ్గుతుంది నిజమే, కానీ స్లైడ్ పూర్తిగా మూసుకోకుండా ఆగిపోతే అసలుకే మోసం. మ్యాగజైన్ నుంచే ఎక్కించండి, స్లైడ్‌ను పూర్తిగా లాగి వదిలేయండి.

ఇక రోజువారీ అలవాటు. అసలు రోజూ ఎందుకు ఖాళీ చేస్తున్నారు? ఇంట్లో పిల్లలున్నారనో, నిద్రపోయేటప్పుడు లోడై ఉండకూడదనో అయితే కారణం మంచిదే, దానికి ఎంచుకున్న దారే సరిగా లేదు. ఎవరి చేతికీ చిక్కకుండా చూసేది తాళం. పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో ఉన్నది ఉన్నట్టు, ట్రిగ్గర్ కప్పి ఉండగానే, బెల్టు నుంచి ఊడదీసి తాళం వేసే పెట్టెలో పెట్టేయండి. పొద్దున అలాగే తీసి పెట్టుకోండి. రౌండు కదలదు, మీ వేలు ట్రిగ్గర్ దరిదాపులకు పోదు. ఖాళీ చేసిన పిస్టల్‌ను తాళం లేని సొరుగులో పెట్టే ఇళ్లు నాకు తెలుసు. దాని కంటే ఇది వంద రెట్లు నయం. ఇంకా నిజం చెప్పాలంటే సెట్‌బ్యాక్ కంటే నన్ను భయపెట్టేది రోజుకు రెండుసార్లు లోడ్, అన్‌లోడ్ చేసే ఆ తతంగమే. ఇలా అలవాటుగా ఎక్కించి దించేటప్పుడు అనుకోకుండా పిస్టల్ పేలే ప్రమాదం ఉంటుంది. అలసిపోయి ఇంటికొచ్చిన రాత్రి మ్యాగజైన్ తీయకముందే స్లైడ్ లాగితే చాలు, ఒక రౌండు బయటపడి ఇంకొకటి చాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. పిస్టల్ ఖాళీ అయిందని మీరనుకుంటారు. మీ దేశంలో చట్టం గానీ, మీరు పనిచేసే చోటు గానీ ఖాళీ చేసి పెట్టమంటే అది వేరే విషయం, అప్పుడు చేయాల్సిందే.

అలా తప్పనిసరైనవాళ్లు ప్రతిసారీ కేసింగు మీద ఒక గీత గీయండి. నేను మూడో గీతకు రౌండును రేంజ్ డబ్బాలో పడేస్తాను. మీ లాట్ పరీక్షను బట్టి మీరు ఐదు పెట్టుకున్నా నేను వాదించను. బయటికి తీసిన రౌండును మ్యాగజైన్ అడుక్కి పంపి, అన్ని రౌండ్లనూ వంతులవారీగా తిప్పమని ఒక పద్ధతి చెబుతారు. ఒక్కో రౌండు మీద పడే దెబ్బలు తగ్గుతాయి, నిజమే. కానీ గీతలు గీయకుండా అలా తిప్పితే కొన్నాళ్లకు ఏది ఎన్ని దెబ్బలు తిందో తెలియక మ్యాగజైన్ మొత్తం అనుమానాస్పదం అవుతుంది. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఏ ఒక్కటి దెబ్బలు తింటోందో తెలిసి, ఆ ఒక్కదాన్నే మార్చుకోవడం సులువు.

దించేటప్పుడు ఎజెక్షన్ పోర్ట్ (రౌండు బయటపడే సందు) మీద అరచెయ్యి మూసి రౌండును చేతిలోకి పట్టుకునే విద్య చూడ్డానికి బాగుంటుంది. మానేయండి. చేతిలో ఇరుక్కున్న రౌండు తిరగబడి దాని ప్రైమర్ ఎజెక్టర్ (రౌండును బయటికి తన్నే ముక్క) మొనకు గుచ్చుకుంటే చాంబర్ బయటే పేలుతుంది, కేసింగు ముక్కలన్నీ అరచేతిలో దిగుతాయి. కింద మెత్తటి గుడ్డ పరిచి రౌండును దాని మీద పడనివ్వండి. ముక్కు గట్టి నేలకు తగిలి సొట్ట పడితే, పొడవు సరిగ్గా ఉన్నా, దాన్ని అవసరానికి పెట్టుకోవద్దు.

డ్రై ఫైర్ (ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ నొక్కే) సాధన చేసేవాళ్లే రౌండ్లను ఎక్కువగా పాడు చేస్తారు. వారానికి నాలుగు రోజులు పది నిమిషాల చొప్పున చేస్తే నాలుగుసార్లు ఎక్కించి దించాలి. అదే ఒకే రోజు కూర్చుని చేస్తే ఒక్కసారితో సరి. వీలైతే సాధనకు వేరే పిస్టల్ ఉంచుకోండి. అసలు రౌండ్లు ఆ గదిలోకే రాకూడదన్నది ఎలాగూ తెలిసిన నియమమే.

మీ లాట్ పరీక్ష కూడా చెబుతాను. కొత్త పెట్టె కొన్నప్పుడు అందులోంచి రెండు రౌండ్లు పక్కన పెట్టి కొలవండి. రేంజ్‌లో, గుళ్లు ఆపే దిమ్మె వైపు గురిపెట్టి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, ఒక్కోదాన్ని మ్యాగజైన్ నుంచి ఐదుసార్లు ఎక్కించి దించండి. ప్రతిసారీ కొలిచి రాసుకోండి. ఐదుసార్లకూ అంకె కదలకపోతే ఆ లాట్‌కూ మీ ర్యాంప్‌కూ పడిందన్నమాట. మొదటి రెండింటికే దిగజారితే ఆ రకం మీ పిస్టల్‌కు వద్దు, మిగతా పెట్టెను ఒక్కసారి మాత్రమే ఎక్కించి కాల్చే సాధనకు వాడుకోండి. పరీక్షించిన ఆ రెండింటినీ మళ్లీ చాంబర్‌కు పంపొద్దు. పిస్టల్ మారినా, లాట్ నంబర్ మారినా పరీక్ష మళ్లీ చేయాలి. ఇదంతా చేసినా, వెంట ఉంచుకునే రౌండ్లన్నింటినీ ఏడాదికోసారి కాల్చేసి కొత్తవి నింపండి. ఖర్చు మాట నిజమే, కానీ అవసరానికి వాడే రౌండ్లు మీ చేతిలో ఎలా పనిచేస్తాయో తెలుసుకునే సందర్భం కూడా అదొక్కటే.

పొట్టిదైన మీ ఆ ఒక్క రౌండు సంగతి. కటింగ్ ప్లేయర్‌తో బుల్లెట్‌ను పట్టి బయటికి లాగి పొడవు సరిచేయాలని చూడొద్దు. సడలిన ఇత్తడికి మళ్లీ బిగువు రాదు, బుల్లెట్ ఇంకా సులువుగా దిగుతుంది. నూనెలో నానబెడితే చచ్చిపోతుందనీ నమ్మకండి, సీలు చేసిన ప్రైమర్లు అలా నానబెట్టినా పేలగలవు. ఇంటి చెత్తలో వేయడమూ తప్పే. చిన్న మూత డబ్బాలో విడిగా పెట్టి, పైన కాల్చరాదని రాసి, రేంజ్‌లో పేలని రౌండ్ల కోసం పెట్టే డబ్బాలో వేయండి, లేదా దగ్గర్లోని పోలీసులకు అప్పగించండి. రీలోడింగ్ చేసే మిత్రులుంటే కైనెటిక్ పుల్లర్‌తో (సుత్తిలా కొట్టి బుల్లెట్‌ను ఊడదీసే పనిముట్టుతో) విడదీసి ఇస్తారు.

దాన్ని వదిలించుకునే ముందు మాత్రం ఒకసారి కొలిచి, పక్కన అదే పెట్టెలోని కొత్తదాన్నీ కొలిచి, రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి. బుల్లెట్ బరువు, పిస్టల్ మోడల్ కూడా రాయండి. అదే మోడల్ వాడేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు, వాళ్ల కొలతలతో పోల్చి చూస్తే తేడా మీ లాట్‌దో ర్యాంప్‌దో తేల్చొచ్చు.